"ఏటీ సెయ్యదు" అన్న ఇంటి నుంచి: నిరుద్యోగం లెక్కలు తీసేవారికి ఒక బహిరంగ లేఖ

కేంద్ర, రాష్ట్ర గణాంక శాఖల అధికారులకు,

నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. నేను బీఎస్సీ, బీఎడ్ చదివాను. వయసు 34. ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. ఇప్పుడు నా బతుకు మీ పట్టికలో ఏ గడిలో పడుతుందో ఎంత చూసినా తేలలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ మధ్య ఏదో సర్వే అంటూ ఇద్దరు పిల్లలు ట్యాబ్ పట్టుకుని మా వీధికి వచ్చారు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. వాకిట్లో కూర్చున్న మా అత్తే వాళ్లకు అన్నీ చెప్పింది. కోడలు ఏం చేస్తుందని అడిగితే, "ఏటీ సెయ్యదు, ఇంటికాడే ఉంటాది" అంది. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేను పొద్దున్న నాలుగున్నరకు లేస్తానని ఆమెకు తెలుసు. ఆమె లేచేది నాలుగింటికి. మా ఇళ్లలో "సెయ్యడం" అంటే నెల తిరిగేసరికి జీతం తేవడం. ఆ లెక్కన ఆమె చెప్పింది నిజమే.

ఆ సర్వే మీది కాదు. కానీ ఆ మాట రెండు రోజులు చెవిలోనే తిరిగింది. లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేకపోయాను. పిల్లాడు పడుకున్నాక ఫోనులో మీ సర్వే నియమాలు చదవడం మొదలుపెట్టాను.

మీ సర్వే పేరు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే. 2017 ఏప్రిల్‌లో మొదలైంది. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చారు. ఇప్పుడు శాంపిల్‌లో పడిన ప్రతి ఇంటికీ వరసగా నాలుగు నెలలు, నెలకొకసారి వెళ్తారు. దేశం మొత్తానికి నెలనెలా అంకెలు ఇస్తున్నారు. మా ఇల్లు మీ శాంపిల్‌లో పడలేదు. పడి ఉంటే నా గురించి ఏం రాసుకునేవారో చూద్దామని 2025 ఫిబ్రవరి నుంచి మే దాకా నా నాలుగు నెలలకు మీ నియమాలే పెట్టి చూసుకున్నాను.

నెలవారీ అంకెల కోసం మీరు అడిగేది అంతకు ముందటి ఏడు రోజుల సంగతి. ఆ ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా ఒక్క గంట పని చేసి ఉంటే ఆ మనిషి పనిలో ఉన్నట్టే. ఇది మీరు పెట్టిన నియమం కాదు, చాలా దేశాల్లో ఉన్నదే. సరే, లెక్కకు దిగుదాం.

ఫిబ్రవరిలో జీడితోటలు పూత మీద ఉంటాయి. తోటలో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఆ నెల వంట, పిల్లాడు, మామగారి మందులు, నీళ్లు. నేను కోడ్ 92, అంటే ఇంటి పనులు మాత్రమే. తోటలో ఎండు పుల్లలు ఏరుకొస్తాను కాబట్టి 93 అయినా కావచ్చు. ఏదైనా ఒకటే, నేను శ్రామిక శక్తిలోనే, అంటే పని చేసేవాళ్లూ పని కోసం చూసేవాళ్లూ ఉన్న లెక్కలోనే లేను. నిరుద్యోగిని కూడా కాను.

మార్చిలో జీడిపిక్కలు రాలడం మొదలవుతుంది. మాకున్నది ఎకరన్నర. తెల్లవారకుండానే వెళ్లి పండ్లు ఏరి, పిక్క తీసి, ఎండబెట్టి బస్తాకెత్తాలి. మా దగ్గర 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ఆ డబ్బు మామగారి చేతికి వెళ్తుంది, అక్కడి నుంచి పాత అప్పుకు వెళ్తుంది. నాకు కూలి అంటూ ఏమీ ఉండదు. అయినా ఆ నెల నేను కోడ్ 21, కుటుంబ పనిలో జీతం లేని సహాయకురాలిని. అంటే ఉపాధి ఉన్న మహిళను. 2017-18లో 23.3 శాతం ఉన్న మహిళల శ్రామిక భాగస్వామ్యం 2023-24కి 41.7కి పెరిగిందని చాలా చోట్ల చదివాను. సంతోషమే. పని చేస్తున్నారని మీరు లెక్కపెట్టిన మహిళల్లో మూడింట ఒక వంతుకు పైగా ఇలా జీతం లేని సహాయకులేనని మీ నివేదికలోనే ఉంది. ఆ ముక్క మాత్రం పత్రికల శీర్షికల్లోకి ఎక్కదు.

ఏప్రిల్‌లో తోట పని సగానికి తగ్గింది. ఆ ఖాళీలో పక్క ఊరి జీడి ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు తీయడానికి వెళ్లేదాన్ని. కిలోల లెక్కన కూలి. ఆ నెలలోనే, 20వ తేదీన, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 2018 తర్వాత నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ అదే. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒకటి వచ్చి, ప్రభుత్వం మారాక రద్దయింది. నేను దరఖాస్తు పెట్టాను. అంటే ఉద్యోగం కోసం గట్టిగా ప్రయత్నిస్తున్నాను. కానీ ఆ వారం ఒక పూట పొట్టు తీశాను కాబట్టి మీ లెక్కలో నాకు పని ఉంది. పనీ, వెతుకులాటా రెండూ ఉంటే మీరు పనినే తీసుకుంటారు.

మేలో పిక్కలు అయిపోయాయి. ఫ్యాక్టరీకి వెళ్లడం మానేశాను. మా అత్త వంటింటిని తన చేతిలోకి తీసుకుని, "సదువుకో, నాను సూసుకుంటాను" అంది. రోజుకు పది గంటలు చదివాను. ఆ నెల ఎవరైనా వచ్చి అడిగి ఉంటే నేనే ముందుకొచ్చి చెప్పేదాన్ని, ఉద్యోగం కోసం చూస్తున్నానని. కోడ్ 81. అచ్చమైన నిరుద్యోగిని. ఆ మే నెలలో దేశంలో నిరుద్యోగ రేటు 5.1 నుంచి 5.6 శాతానికి పెరిగింది. రబీ కోతలు అయిపోవడం, ఎండలు కారణమని చెప్పారు. అదీ నిజమే కావచ్చు. నా మటుకు నాకు చాలా ఏళ్ల తర్వాత ఆశగా గడిచిన నెల అదొక్కటే. మీ లెక్కలో నేను సమస్యగా మారేదీ ఆ ఒక్క నెలలోనే.

జూన్‌లో పరీక్ష రాశాను. ఉద్యోగం రాలేదు. జూలైలో మళ్లీ 92. ఆ నెల దేశంలో నిరుద్యోగం 5.2కి దిగింది.

ఇక ఏడాది లెక్క ఇంకో తీరు. 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏమీ చేయకపోయినా, మొత్తం మీద 30 రోజులు ఏదో ఒక పని చేసి ఉంటే చాలు, ఆ ఏడాదికి ఆ మనిషి ఉపాధి ఉన్నట్టే. నేను పిక్కలు ఏరిన రోజులు, పొట్టు తీసిన రోజులు కలిపితే ముప్పై దాటతాయి. 2023-24కి దేశంలో నిరుద్యోగం 3.2 శాతమే అన్న అంకె ఈ కొలతతో వచ్చిందే. ఆ ఏడాదీ నేను తోటకు వెళ్లాను. కాబట్టి ఆ కొలత ప్రకారం నాకు ఏ లోటూ లేదు.

మీ పద్ధతిలో ఒక మంచి ఉంది, అది చెప్పకపోతే తప్పు. చాలా దేశాల్లో గత కొన్ని వారాల్లో పని వెతికినవాళ్లనే నిరుద్యోగులంటారు. మన దగ్గర వెతకకపోయినా "దొరికితే చేస్తాను" అన్నవాళ్లను కూడా అందులో కలుపుతారు. వారం లెక్కలో దానికి 82 అని వేరే కోడే ఉంది. పని వెతకడం వదిలేసినవాళ్లు జారిపోకూడదని కాగితం మీద ఏర్పాటైతే ఉందన్నమాట. కానీ ఆ మాట ఎవరు చెప్పాలి? వాకిట్లో కూర్చున్నవాళ్లు. కోడలికి పని దొరికితే చేస్తుందా అని మా అత్తను అడిగితే ఏం చెప్తుంది? ఏ పని, ఎక్కడ, ఎంతకు అని ఎదురు అడుగుతుంది. అది న్యాయమైన ప్రశ్న. సర్వే చేసే మనిషి దగ్గర దానికి జవాబు ఉండదు. ఒక రోజులో ఎన్నో ఇళ్లు తిరగాలి. 92 కొట్టి ముందుకు వెళ్తారు. వాళ్లను తప్పు పట్టను. నేనైనా అదే చేస్తాను.

అసలు "పని వెతకడం" అన్న మాటే మా ఊళ్లకు సరిపోదు. మా దగ్గర ఎవరూ పని వెతకరు. పనే మనిషిని పిలుస్తుంది. రేపు నలుగురు కావాలని మేస్త్రి సాయంత్రం కబురు పెడతాడు. సరుకు వచ్చిందని ఫ్యాక్టరీ నుంచి ఫోను వస్తుంది. కబురు రాకపోతే పని లేదని అర్థం. ఎదురెళ్లి అడిగితే చులకన అవుతామని కూడా ఒక భయం. ఉపాధి హామీలోనూ ఇదే చూశాను. పని కావాలని అర్జీ పెట్టి రసీదు తీసుకుంటే 15 రోజుల్లో పని చూపించాలని, లేకపోతే భృతి ఇవ్వాలని 2005 చట్టంలో రాశారు. మా వీధిలో రసీదు తీసుకున్నవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. పని ఉంటే చెప్తారులే అని కూర్చునేవాళ్లే అందరూ. అడగని పని ఏ కాగితం మీదా ఉండదు.

నేను మాత్రం వెతికాను. చదువుకున్నదాన్ని కదా, వెతకడం తెలుసు. 2020 మార్చిలో స్కూలు మూశారు. మళ్లీ తెరిచాక పాత జీతంలో సగానికి రమ్మన్నారు. అదైనా సరేనని వెళ్లేసరికి అంతకంటే తక్కువకు ఒప్పుకున్న అమ్మాయి అప్పటికే చేరిపోయింది. ఆమె మీద నాకేమీ లేదు, ఆమెదీ బీఎడ్డే. తర్వాత పలాస, టెక్కలి, సోంపేట, కంచిలి, ఎక్కడ బడి ఉందంటే అక్కడికి వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఆటో, బస్సు, జిరాక్సులు, పిల్లాణ్ని ఎవరి దగ్గరో వదలడం. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాళ్లు ఏమైందని అడగడం మానేశారు. ఆ అడగకపోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, బీఎడ్ వాళ్లు ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టులకు పనికిరారని. ఇక ప్రాథమిక బడి టీచరు పోస్టు (ఎస్జీటీ) లేదు, పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఒక్కటే. నా సబ్జెక్టులో జిల్లాకు వచ్చే పోస్టులెన్నో, రాసేవాళ్లెందరో లెక్క వేసుకున్నాను.

విశాఖ వెళ్లకపోయావా అంటారు. అచ్యుతాపురం బట్టల కంపెనీల్లో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారని నాకూ తెలుసు. మాకు అది 200 కిలోమీటర్ల పైమాట. పెళ్లికాని పిల్లలు హాస్టళ్లలో ఉండి చేస్తారు. ఆరేళ్ల పిల్లాడూ, డయాలసిస్ మీదున్న మామగారూ ఉన్న కోడలు ఎలా వెళ్తుంది? ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటికొక రోగి ఉంటే ఇంటికొక మనిషి కాపలా ఉండాలి. ఆ కాపలా మనిషి ఎప్పుడూ ఆడదే.

వెతకడం మానేసిన రోజు ఏదని అడిగితే చెప్పలేను. అలాంటి రోజు అంటూ ఒకటి ఉండదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ కార్డు రెన్యువల్ గడువు వచ్చింది, వెళ్లలేదు. అంతే. అక్కడి రిజిస్టర్లో కూడా ఒక నిరుద్యోగి తగ్గింది.

మా మరిది సంగతి వేరే. డిప్లొమా మెకానికల్. ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ఏడాదిన్నర చేశాడు, కాంట్రాక్టు అయిపోయింది. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పాసయ్యాడు. తర్వాతి పరుగు పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. తుది ఫలితాలు 2025 ఆగస్టులో. ఈ రెండున్నరేళ్లూ రోజూ తెల్లవారుజామున సముద్రం ఒడ్డున పరిగెత్తాడు. పగలు ఎవరిదైనా ఆటో ఖాళీగా ఉంటే నడిపాడు. ఏం చేస్తున్నావని బంధువులు అడిగితే "ప్రిపేర్ అవుతున్నా" అనేవాడు. మా ప్రాంతంలో ఇదొక వృత్తి పేరులా అయిపోయింది. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్తారు. ఆటో నడిపిన వారం వాడు స్వయం ఉపాధి, నడపని వారం విద్యార్థో నిరుద్యోగో, రాసుకునే మనిషిని బట్టి. నౌకరీ రాలేదు. ఇప్పుడు పొద్దున్నే లేవడం లేదు. మా అత్త గొంతు పెంచి లేపడమూ లేదు.

మా ఆయన హైదరాబాద్‌లో టైల్స్ పని చేస్తాడు. సంక్రాంతికి వస్తాడు, అమ్మవారి పండక్కి వస్తాడు, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో మళ్లీ వెళ్లిపోతాడు. ఆరు నెలలకు మించి బయట ఉంటాడు కాబట్టి మీ నియమాల ప్రకారం మా ఇంటి మనిషి కాదు. ఒకప్పుడు ఆయన కొబ్బరి తోటల్లో దింపు పని చేసేవాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. ఒక్క రాత్రిలో చెట్లు నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అంతదాకా దింపు పని చేసేవాడు ఏం చెయ్యాలి? రైలెక్కాడు. తిత్లీ తర్వాత మా ఊళ్లో మీరు నిరుద్యోగం కొలిచి ఉంటే పెద్దగా కనిపించి ఉండేది కాదని నా అనుమానం. పని పోయినవాళ్లలో చాలామంది ఊళ్లోనే లేరు. మిగిలినవాళ్లు వెతకడం లేదు.

ఇది కొత్త సంగతీ కాదు. మా జిల్లా మత్స్యకారులు ఇంత సముద్రం ఇక్కడ పెట్టుకుని గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి వేరేవాళ్ల పడవల్లో కూలికి వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లు. అదంతా వలస వల్లే అని నేననను. కానీ మా వీధిలో పగటి పూట శవాన్ని మోయడానికి నలుగురు మగవాళ్లు దొరకని రోజులు ఉన్నాయి. ఆ తర్వాత జనాభా లెక్కలు ఇంతవరకు పూర్తికాలేదు. 2027కి అవుతాయంటున్నారు.

పనిలో ఎందుకు లేరన్న ప్రశ్న కూడా మీరిప్పుడు అడుగుతున్నారని తెలుసు. ఆడవాళ్ల జవాబుల్లో పిల్లల పెంపకం, ఇంటి బాధ్యతలే అన్నిటికంటే ముందుంటున్నాయి. ఆ జవాబును నమ్మేముందు ఒక్క మాట. నేను బడికి వెళ్లిన ఆరేళ్లలో కూడా ఈ ఇంట్లో వంట ఉంది, నీళ్లు ఉన్నాయి. పిల్లాడు కడుపులో ఉండగా ఎనిమిదో నెల దాకా వెళ్లాను. ఉద్యోగం పోయాక మిగిలింది ఇంటి పని. మిగిలినదాన్ని పట్టుకుని అదే కారణమని రాసుకుంటే ఎలా? ఉద్యోగం కోసం తిరిగి తిరిగి మానేశానని వాకిట్లో నిలబడి ఎవరూ చెప్పరు. పిల్లాడు చిన్నవాడండీ అంటారు. అలా చెప్తే పరువుగా ఉంటుంది.

పాత సర్వేల్లో మీరు ఇంకో ప్రశ్న అడిగేవారు. ఇంటి పనుల్లో ఉన్న ఆడవాళ్లను, మీ ఇంటి దగ్గరే పని దొరికితే చేస్తారా అని. 2011-12లో దాదాపు మూడో వంతు మంది చేస్తామన్నారు. కుట్టుపని, పాడి, ఏది కావాలో కూడా చెప్పారు. ఇప్పుడు నెలనెలా వచ్చే ప్రకటనల్లో ఆ మూడో వంతు ఎక్కడా కనిపించదు. మన నిరుద్యోగ కొలతలకు దారి చూపిన దంత్‌వాలా కమిటీ 1970లోనే, ఇలాంటి దేశంలో నిరుద్యోగానికి ఒకే అంకె చాలదని హెచ్చరించింది. అమెరికాలో పని దొరకదని వెతకడం మానేసినవాళ్లను, చాలీచాలని గంటలు పనిచేసేవాళ్లను కలిపి ఒక పెద్ద అంకెను అసలు అంకె పక్కనే ప్రతి నెలా వేస్తారు. వాళ్ల పద్ధతి మనకు అతకకపోవచ్చు. పక్కన ఇంకో అంకె వేయడానికి మాత్రం పెద్ద ఇబ్బంది ఉండదనుకుంటాను.

నేను అడిగేది ఉద్యోగం కాదు. అది మీ చేతిలో లేదు. ఏ మనిషి గురించి అడుగుతున్నారో ఆ మనిషినే పిలిచి అడిగించండి. మా అత్తను అడిగితే మా అత్త కళ్లతో చూసిందే వస్తుంది. "పని వెతుకుతున్నారా" అని కాకుండా, చివరిసారి పని కోసం ఎప్పుడు ఎవరిని అడిగారు, ఎందుకు ఆపేశారు, ఇక్కడికి ఇంత దూరంలో ఇంత కూలికి ఈ వేళల్లో పని ఉంటే వస్తారా అని అడిగించండి. ఇలా అడిగితే మా అత్త కూడా జవాబు చెప్పగలదు. ఆ జవాబులను ఏడాదికొకసారైనా జిల్లాల వారీగా బయటపెట్టండి. 2025 నుంచి చాలా రాష్ట్రాల్లో జిల్లానే ప్రాతిపదికగా శాంపిల్ తీస్తున్నారని చదివాను కాబట్టి ఆశ పడుతున్నాను. శాంపిల్ చాలదంటే రెండు మూడేళ్లవి కలిపి ఇవ్వండి, తప్పుకు అవకాశం ఎంతో పక్కన రాయండి. లెక్కలు వచ్చినవాళ్లం ఇక్కడా ఉన్నాం, అర్థం చేసుకుంటాం.

రాష్ట్ర అధికారులకు ఒక మనవి. 2024లో నైపుణ్య గణన అని ఒకటి మొదలుపెట్టారు. ఎవరికి ఏ పని వచ్చో అడగడం మంచిదే. ఆ పనిని చివరిసారి ఎప్పుడు చేశారని కూడా అడగండి. నాకు లెక్కలు చెప్పడం వచ్చు. ఐదేళ్లుగా మా పిల్లాడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా ఇల్లు ఎప్పుడైనా మీ శాంపిల్‌లో పడితే మీవాళ్లను మధ్యాహ్నం రెండు దాటాక రమ్మనండి. మార్చిలో అయితే పొద్దున్న ఎవరం ఉండం, తోటకు వెళ్తాం. తలుపు తీసేది మా అత్తే. ఆమె ఏదో ఒకటి చెప్తుంది, రాసుకోకండి. పెరట్లో ఉంటాను, కేక వేయమనండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా